సాయంత్రం పలకని కంప్యూటర్

సంచి సర్దుతున్నది మా కోడలు విజయశ్రీ. సంచి మాత్రం ఆమెది కాదు, నా మనవడు అనుదీప్ భార్య ప్రేమది. ఆషాఢం వచ్చింది, కొత్త కోడలు పుట్టింటికి పోవాలి. అత్తాకోడళ్లు ఆ నెలంతా ఒకే గడప దాటకూడదు. మా ఇంట్లోనూ అదే ఆచారం, ప్రేమ వాళ్ల ఇంట్లోనూ అదే. ఆ పెళ్లిలో రెండు వైపులవాళ్లూ గొడవ లేకుండా ఒప్పుకున్నది ఈ ఒక్కదానికే.

నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. నా చూపుకు నడుమంతా మసక, పక్కల కొంచెం కనిపిస్తుంది. అందుకని మనుషులను ఓరగా చూస్తాను. విజయశ్రీ చీరలు పెట్టింది, డ్రెస్సులు పెట్టింది. తర్వాత అల్మారీ పై అరలోంచి ఎర్రటి ఉన్ని స్వెట్టర్ తీసింది.

"ఆషాఢంల స్వెట్టర్ ఎందుకు విజయా?"

"వానలు గద అత్తమ్మా. రేకుల ఇల్లు, సల్లగుంటది."

స్వెట్టర్ తర్వాత పెళ్లినాటి చెప్పులు, బొట్టుబిళ్లల అట్ట, సబ్బు డబ్బా, ఆఖరికి కిటికీలో ఆరేసిన రుమాలు. ఆ పిల్లది అనేది ఏదీ గదిలో మిగలలేదు.

సంచి జిప్పు మూసే చప్పుడు నాకు చిన్నప్పటినుంచి పడదు. మా అన్న ఒక చేతిసంచితో కాచిగూడ స్టేషన్‌కు పోయాడు. మా ఆయన రెండు జతల బట్టలతో ఆసుపత్రికి పోయాడు. అప్పటినుంచి ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా ఏదో ఒకటి ఇక్కడ విడిచిపొమ్మంటాను. వస్తువు ఉంటే దాని వెంట మనిషి వస్తుందని నా నమ్మకం. నవ్వేవాళ్లు నవ్వుతారు.

"ఏదన్న ఒకటి ఇడిసిపెట్టి పోరాదు బిడ్డా," అన్నాను.

ప్రేమ మెడలో నల్లటి నెక్‌బ్యాండ్ సవరించుకుంటూ నా పక్కన కూర్చుంది. "మన పుస్తకం సగంల ఉన్నది గద నానమ్మా. అది సగంల ఇడిసిపెట్టి యాడికి పోత?"

పుస్తకం సంగతి చెప్పాలి. నేను బడికి పోలేదు. కిరాణా పొట్లాలు విప్పి, ఆ కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుని నాకు నేనే చదవటం నేర్చుకున్నాను. తర్వాత చిక్కడపల్లి లైబ్రరీలో నవలల బీరువాలు చాలావరకు ఖాళీ చేశాను. కంటి వెనక పొర చెడిపోయాక అక్షరాలు పోయాయి. అయినా అలవాటుకొద్దీ ఏదో ఒక పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ప్రేమ కాపురానికి వచ్చిన కొత్తలో అది చూసింది. ఆ నవల పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి, వెనక గదిలో నా మంచం పక్కనున్న కంప్యూటర్‌లో పెట్టి, అదే పైకి చదివేలా చేసింది. అందులోది ఒక ఆడగొంతు. కామా దగ్గర ఆగదు, ఏడుపు దగ్గర ఏడవదు. అయినా చదువుతుంది. కింది వరసలో పొడుగు మీట నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే బంద్. నేను నేర్చిన కంప్యూటర్ అంతే.

దీపాలు పెట్టే వేళ ఇద్దరం వినేవాళ్లం. ముందు గదిలో టీవీకి ఆ గొంతు అడ్డం వస్తోందని విజయశ్రీ విసుక్కుంటే, ప్రేమ మధ్యలో తీగేమీ లేకుండానే తన నెక్‌బ్యాండ్‌ను కంప్యూటర్‌కు కలిపింది. దాని రెండు చెవిముక్కల్లో ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో. ఆ ముక్కల మధ్య తీగ పొట్టిది కాబట్టి తలలు ఆనించుకుని కూర్చోవాలి. ఆ పిల్ల తలలో కొబ్బరినూనె వాసన, అశోక్‌నగర్ డీటీపీ షాపులో పొద్దంతా పనిచేసి వచ్చిన వేడి.

"ఒక్కసారి జత గలిపితే సాలు నానమ్మా. మళ్ల దగ్గరికొస్తే అవ్వే గుర్తువడ్తయి," అనేది.

ప్రేమ పుట్టిల్లు ఎక్కడో లేదు. మా అపార్ట్‌మెంట్ వెనక గోడ అవతలే బస్తీ. వాళ్ల నాన్న ఈదయ్య మహబూబ్‌నగర్ వైపునుంచి సెంట్రింగ్ పనికి వచ్చి అక్కడే నిలిచిపోయాడు. వాళ్లమ్మ మాసమ్మ మా వీధిలోనే ఆకుకూరలు అమ్ముతుంది. ఈదయ్య కిరాయికి తీసుకున్న ఇంటి మీది రేకుల గది సరిగ్గా మా వెనక కిటికీ ఎదురుగా ఉంటుంది. ఇక్కడినుంచి పేరు పెట్టి పిలిస్తే అక్కడ పలుకుతారు. పోవాలంటే మాత్రం సందంతా చుట్టి పోవాలి.

ఆ చుట్టు చుట్టి, ఎర్ర స్వెట్టర్ ఉన్న సంచి మోసుకుని, ప్రేమ పోయింది.

*

మర్నాడు సాయంత్రం పొడుగు మీట నొక్కాను. గొంతు రాలేదు. మళ్లీ నొక్కాను, రాలేదు. విజయశ్రీ వచ్చి చూసి, తెర మీద అక్షరాలు కదులుతూనే ఉన్నాయి, చప్పుడే లేదు అంది.

రాత్రి నా కొడుకు ప్రహ్లాద్ ఆఫీసునుంచి రాగానే చెప్పాను. వాడు చొక్కా కూడా విప్పకుండా మీట నొక్కాడు. గొంతు ఖంగుమని వచ్చింది.

"మంచిగనే ఉన్నది గదమ్మా."

"సాయంత్రం రాలేదు నాయనా."

"మ్యూట్ల పెట్టినవేమో."

"నేను ఆ ఒక్క మీట తప్ప ఏదీ ముట్టుకోను."

రెండో సాయంత్రమూ అంతే, మూడోదీ అంతే. పొద్దున నొక్కితే చదువుతుంది. మధ్యాహ్నం చదువుతుంది. పుస్తకం దీపాలవేళకే అని ప్రేమతో ఒప్పందం కాబట్టి, పలుకుతోందని తెలియగానే ఆపేస్తాను. నేను పుస్తకం వినే వేళకు మూగది అవుతుంది. ప్రహ్లాద్ తీగలు పీకి మళ్లీ పెట్టాడు. ఎవరికో ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టల్లా నొక్కుతూ పోయాడు. "సౌండ్ యాడికి పోవాల్నో అండ్ల రాసి ఉంటదంట... ఆ, ఉన్నది. స్పీకర్లు అనే ఉన్నదన్నా. కరెక్టే ఉన్నది. మరెందుకు వస్తలేదు? ఇప్పుడా? ఇప్పుడు వస్తున్నది." అవతలివాడు పెట్టేసినట్టున్నాడు. ఆదివారం సుల్తాన్ బజార్ వైపు పోయి కొత్త స్పీకర్లు తెచ్చాడు. అవీ సాయంత్రానికి మూగబోయాయి.

"నీ మీద అలిగిందమ్మా ఇది," అన్నాడు అలిసిపోయి.

"దానికి గూడ ఆషాఢం వచ్చినట్టున్నది. పుట్టింటికి వంపుండ్రి," అంది విజయశ్రీ.

నాకు నవ్వు రాలేదు. కళ్లు పోయినప్పుడు ఏడ్చాను. చెవులతో చదవొచ్చని ఒక పిల్ల చూపిస్తే ఊరటపడ్డాను. ఇప్పుడు అదీ పోతోందా అని అన్నం సహించలేదు. అనుదీప్‌కు కంప్యూటర్లు తెలుసు. వాడి ఉద్యోగమే అది. కానీ వాడు మధ్యాహ్నం బయల్దేరి హైటెక్ సిటీకి పోతాడు, అందరూ పడుకున్నాక వస్తాడు. ఆదివారాలు స్నేహితులు. చూస్తలే నానమ్మా అంటాడు, చూడడు.

ఒక పొద్దున కిందినుంచి మాసమ్మ కేక. బాల్కనీలోనుంచి బుట్టకు తాడు కట్టి దింపితే ఆమె కూర పెడుతుంది, నేను లాక్కుంటాను. పిల్లల పెళ్లయ్యాక కూడా మా పద్ధతి మారలేదు.

"అమ్మా, గోంగూర వెట్టిన, జర జూసుకో! అవుగని, మీ పుస్తకంల పడవాయన సచ్చిపాయెనంట గద! మా పిల్ల బువ్వ సుత తినలే. ఒకటే కండ్లనీళ్లు."

నేను తాడు లాగటం ఆపాను. "పడవాయన సావలేదు మాసమ్మా. నేను విన్నకాడికి బతికే ఉన్నడు."

"లేదమ్మా, సచ్చిండు. వరదల కొట్కపోయిండు. నిన్న పొద్దుమీకినంక సచ్చిండు."

నిన్న పొద్దుగూకాక నా కంప్యూటర్ నోరు మూసుకుని అక్షరాలు కదిలించింది. బుట్ట గాల్లో అలాగే వేలాడుతోంది. చెవిముక్కల గురించి ప్రేమ చెప్పిన, దగ్గరికొస్తే అవే గుర్తుపడతాయి అన్న మాట అప్పుడు తట్టింది నాకు.

ఆ సాయంత్రం మీట నొక్కి, కిటికీ దగ్గర నిలబడ్డాను. ఓరగా చూస్తే గోడ అవతల రేకుల గది గడప మీద ఒక మనిషి ఆకారం కూర్చుని ఉంది. మీట మళ్లీ నొక్కి బంద్ చేశాను. ఆ ఆకారం లేచి మా కిటికీ వైపు తిరిగింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ కూర్చుంది.

ప్రహ్లాద్‌కు చెప్పలేదు. చెబితే బాగు చేసేస్తాడు.

*

తర్వాత రోజులన్నీ అలాగే నడిచాయి. దీపం పెట్టేవేళకు నేను మీట నొక్కుతాను. గదిలో ఏ చప్పుడూ ఉండదు. వాన పడితే రేకుల మీద వాన చప్పుడు వినిపిస్తుంది. నేను కుర్చీలో కూర్చుని అంతసేపూ కదలను, నా చెవిలోనూ ముక్క ఉన్నట్టే. కథ మర్నాడు మాసమ్మ బుట్టతో పాటు వస్తుంది. ప్రేమ తల్లికి చెబుతుంది, తల్లి నాకు చెబుతుంది. మాసమ్మ చెప్పే కథలో పడవవాడి పెళ్లానికి మాసమ్మ కష్టాలన్నీ ఉండేవి. కిరాయి ఇంటి ఓనర్ కూడా వచ్చాడు ఒకసారి.

"పుస్తకంల ఓనర్ లేడు మాసమ్మా," అన్నాను.

"ఉండడా మరి? నదొడ్డున ఉన్నా ఓనర్ ఉంటడమ్మా."

పోతూ పోతూ ఆగేది. "శ్రావణం ఎప్పుడొస్తదో మీ పంచాంగంల జూడమన్నది పిల్ల. మీరే వచ్చి తోల్కపోతరా, మమ్ముల దింపుమంటరా? ఒక మాట అనుకుంటే మేం గూడ చీర, సారె జూస్కుంటం గద."

ఆ మాట విజయశ్రీతో ఎత్తాను. "సూద్దం అత్తమ్మా, తొందరేమున్నది," అని కుక్కర్ మూత పెట్టింది. అనుదీప్ మొదట్లో వెనక కిటికీలో నిలబడి ఫోన్ మాట్లాడేవాడు. ఆషాఢంలో మొగుడు పెళ్లాలు చూసుకోవద్దురా అని తల్లి అంటే, ఫోన్ పట్టుకుని ముందు బాల్కనీకి మారాడు. తర్వాత అక్కడా ఎక్కువసేపు మాటలు వినిపించలేదు. "ఆ... సరే... తర్వాత మాట్లాడ్త." నాకు ఆ స్వెట్టర్ గుర్తొచ్చేది.

ఒక ఆదివారం, ఇంకాసేపట్లో దీపాలు పెడతామనగా, విజయశ్రీ వెనక గదిలోకి వచ్చింది. ఆమె అక్క అరుంధతి ఆ నెల పుణెలో కూతురి దగ్గర ఉంది. పెద్ద తెర మీద మాట్లాడదామని కంప్యూటర్ ముందు కూర్చుంది. అనుదీప్ కూడా ఇంట్లోనే ఉన్నాడు.

"ఫోన్ల మాట్లాడరాదా విజయా, ఇది నా పుస్తకం వేళ," అన్నాను.

"రోజు ఇనేదే గద అత్తమ్మా. ఇనవడకున్నా ఇంటనే ఉంటివి," అని నవ్వి, మౌస్ నొక్కింది.

"ఈ వేళకు దీంట్ల సౌండ్ రాదు. ఫోన్ల మాట్లాడు."

"ఒక్క నిమిషం జూద్దం."

తెర మీద అరుంధతి వచ్చింది. నాకు ముఖం కనపడలేదు గాని చేతులు ఊపటం తెలుస్తోంది. అరుంధతి ఒకసారి మొదలుపెడితే ఎదుటివాళ్లు హలో అన్నా ఆగే మనిషి కాదు. విజయశ్రీ చెవి మీద చెయ్యి పెట్టి చూపిస్తోంది, "ఇనొస్తలేదక్కా, ఇనొస్తలేదు" అంటోంది. అరుంధతి చేతులు ఊపుతూనే ఉంది. నేను కిటికీకి పోయాను. రేకుల గది గడప మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. పుస్తకం కోసం కూర్చుంది.

"బంద్ చెయ్యి విజయా," అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

విజయశ్రీ బంద్ చేయలేదు. కొడుకును పిలిచి, తన ఫోన్ తీసి అక్కకు కలిపి స్పీకర్‌లో పెట్టింది. "ఒక్క ముక్క ఇనవడలేదక్కా! మళ్ల చెప్పు."

"అంత చెప్పి నోరు ఎండిపాయె గదనే! ఏమంటున్న? పిల్లను తోల్కరాకుండ్రి అంటున్న. పంపినప్పుడే పనైపోయింది. మీ అనుదీప్ పొయిన నెల నాకు ఫోన్ చేసి ఏడ్చిండే. ఆఫీసోళ్లు ఇంటికొస్తే, మీ అత్తగారిల్లు యాడ అంటే, ఈ గోడెనక రేకులిల్లు జూపియ్యాల్నా పెద్దమ్మా, నాకు సిగ్గయితున్నది అన్నడు. వాడే వద్దనుకుంటుంటే నీకేంది? వాళ్లంతల వాళ్లు దింపనీకి వస్తే అప్పుడు జూద్దం. మీరైతే వోకుండ్రి."

విజయశ్రీ స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి పెట్టుకుని ముందు గదిలోకి నడిచింది.

అనుదీప్ అప్పటికే కంప్యూటర్ ముందు నిలబడి ఉన్నాడు. సౌండ్ ఎటు పోతోందో చూడటానికి ఏవో తెరిచాడు. నేను వాడి పక్కనే ఉన్నాను, వాడి చెయ్యి నాకు తెలుస్తోంది. మౌస్ మీద ఆ చెయ్యి ఆగిపోయింది. ఆ నెక్‌బ్యాండ్ పెళ్లికి ముందు వాడే కొనిచ్చాడు. తెర మీద దాని పేరు చూస్తే వాడికి తెలియకుండా ఉండదు.

వాడు కిటికీ దాకా పోయాడు. అక్కడ నిలబడ్డాడు. పిలుస్తాడనుకున్నాను. చెప్పులేసుకుని సందు చుట్టి పోతాడనుకున్నాను. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏదో నొక్కాడు. తెర మీద చిన్న డబ్బా ఒకటి వచ్చింది, దాని కింద రెండు గడులు. ఏదో అడుగుతోందన్నమాట. కొంచెంసేపు అడుగుతూనే ఉంది. వాడు ఒక గడి నొక్కాడు.

"ఏం తీసేసినవ్‌రా?"

"పాత డివైస్ నానమ్మా. ఇంక మంచిగ వస్తది."

వాడే పొడుగు మీట నొక్కాడు. ఆడగొంతు గదంతా నిండిపోయింది. ముందు గదిలోంచి విజయశ్రీ, "ఆ, వచ్చింది సౌండ్! వచ్చిందక్కా, అనుదీప్ చేసిండు!" అని అరిచింది.

నేను మీట నొక్కి బంద్ చేశాను.

*

బోనాల ఆదివారం బస్తీలో డప్పులు మొదలయ్యాయి. అమ్మవారిని చూసి వస్తానని చెప్పి, కర్ర పట్టుకుని, సందు చుట్టి పోయాను. మాసమ్మ పసుపు కాళ్లతో ఎదురొచ్చి నన్ను మెట్ల మీదుగా రేకుల గదికి ఎక్కించింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, బోనం పనికి కిందికి పోయింది.

ప్రేమ నా కాళ్ల దగ్గర కూర్చుంది. మెడలో నెక్‌బ్యాండ్ లేదు.

"మొత్తం విన్నవా బిడ్డా?"

"విన్న నానమ్మా. పుస్తకమే అనుకొని వెట్టుకున్న. ముందుగాల నాకు సమజ్ కాలే, ఇదెవ్వరి గొంతు అని." డప్పుల చప్పుడుకు తలుపు ఓరగా వేసి వచ్చింది. "ఆ పెద్దమ్మ అన్నదానికి నాకేం లేదు. మా బస్తీల ఇంతకన్న పెద్ద మాటలు అంటరు. ఆయన గట్ల అన్నడా, ఆమెనే కలిపి చెప్తున్నదా అని సోచాయిస్తున్న. అంతల ఆయన కిటికీల నిలవడ్డడు. ఈడికెల్లి మంచిగ కనవడ్తడు. నన్ను జూసిండు నానమ్మా. నేను లేసి నిలవడ్డ. ఒక్క పిలుపు పిలిస్తే సాలు, నేనే దిగి వద్దునేమో. లోపలికి వోయిండు. జరసేపటికి నా చెవిల 'డిస్‌కనెక్టెడ్' అన్నది."

"ఫోన్ చేసిండా?"

"చేసిండు. ఆషాఢం వోనీ, తర్వాత మాట్లాడుకుందం అన్నడు. సరే అన్న."

నేను ప్రేమ తల నిమిరాను. నూనె లేదు, తల పోసుకుంది. ఏం మాట్లాడినా ఏడుస్తానని పుస్తకం సంగతి ఎత్తాను. పడవవాడి భార్య పిల్లలను తీసుకుని ఊరు దాటేదాకా చదివింది గదా, అక్కడే ఆగింది గదా అన్నాను.

"ఆడికెల్లి ఏమైంది నానమ్మా? ఇప్పుడు సౌండ్ వస్తున్నది గద, విన్నవా?"

విన్నాను. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు చివరిదాకా విన్నాను. ఉండబట్టలేదు.

"ఇంటికొచ్చి విను," అన్నాను.

"జర చెప్పరాదు."

"శ్రావణంల రా. ఇద్దరం కూసోని విందం."

ప్రేమ నా చెయ్యి తన తల మీదనుంచి తీసి, తన రెండు చేతుల్లో పెట్టుకుంది. "అట్లయితే నాకు తెల్వకుంటనే ఉంటది నానమ్మా," అంది. కోపం లేదు ఆ గొంతులో. తర్వాత కింద బోనం ఎత్తుకుంటున్నారని నన్ను పట్టుకుని మెట్లు దింపింది. మా గేటు దాకా వచ్చింది. గేటు లోపలికి రాలేదు.

శ్రావణం వచ్చింది. మా ఇంటివాళ్లు పోలేదు. వాళ్లు దింపడానికి రాలేదు. ప్రహ్లాద్ ఒకటి రెండుసార్లు, "పోయి తోల్కరారాదురా," అని కొడుకుతో అన్నాడు, మూడోసారి అనలేదు. ఈదయ్యకు వేరేచోట పెద్ద బిల్డింగ్ పని దొరికి బస్తీ ఖాళీ చేశారు. ప్రేమ మహబూబ్‌నగర్‌లో ఏదో ప్రింటింగ్ షాపులో చేరిందని, వెళ్లే ముందు మాసమ్మ ఆఖరి గోంగూర కట్ట బుట్టలో పెడుతూ చెప్పింది.

రేకుల గదిలో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. కంప్యూటర్ ఏ వేళ నొక్కినా మంచిగా పలుకుతోంది. ఆ పుస్తకం అందులోనే ఉంది. నేను మళ్లీ పెట్టలేదు.

ప్రేమ రెండువేల ఇరవై నాలుగు ఆషాఢం మొదలైన రోజున మా ఇంట్లోంచి పోయింది. మళ్లీ రాలేదు.